బాలింతకు స్కాన్, మత్తు, ఆపరేషన్ అన్నప్పుడు పాలివ్వడం ఆపాలా వద్దా: ఏ దారి ఎప్పుడు మేలు

బిడ్డ పుట్టి పట్టుమని పది రోజులు కాలేదు, ఇంతలో తల్లికి ఏదో పరీక్షో ఆపరేషనో తప్పదంటారు. మాయ ముక్క లోపల ఉండిపోయి రక్తస్రావం ఆగకపోవచ్చు, ఆయాసం వస్తే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ ఉందేమోనని స్కాన్ రాయొచ్చు, రొమ్ములో చీము పట్టొచ్చు, పిత్తాశయంలో రాళ్లు బయటపడొచ్చు, ఇవేవీ కాకపోతే పన్ను పీకాల్సి రావొచ్చు. అప్పుడు పక్కనున్నవాళ్లలో ఎవరో ఒకరు, నర్సో, బంధువులో, ఒక్కోసారి డాక్టరే, ఒక మాట అంటారు: "ఒక రోజు పాలివ్వకు, పిండి పారబోసెయ్, ఎందుకైనా మంచిది."

ఆ "ఎందుకైనా మంచిది" మీదే నా అభ్యంతరమంతా. ఆపితే పోయేదేమీ లేదన్నట్టు ఉంటుంది ఆ మాట, కానీ పోయేది చాలా ఉంది. మొదటి వారాల్లో పాలు ఎంత తీస్తే అంత తయారవుతాయి, ఒక రోజు సరిగా తీయకపోతే రొమ్ములు రాయిలా గట్టిపడతాయి, జ్వరం రావొచ్చు, పాలు తగ్గొచ్చు, అప్పుడప్పుడే నోరు పట్టడం నేర్చుకుంటున్న బిడ్డ సీసాకు అలవాటు పడి మళ్లీ రొమ్ము పట్టనని మొండికేయొచ్చు. కొన్ని సందర్భాల్లో ఇవన్నీ భరించి అయినా ఆపాల్సిందే, వాటి గురించి కూడా కింద గట్టిగానే చెప్తాను. కానీ చాలా పరీక్షలకు, చాలా మత్తులకు ఆపాల్సిన పని లేదు. అందుకే పాలు ఆపమన్నవాళ్లు ఏ మందు కోసం, ఎన్ని గంటలు అని చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ సలహాను ఇంకోసారి అడిగి తేల్చుకోవాలి.

ముందు పాలలోకి మందు ఎలా వస్తుందో కొంచెం తెలిస్తే మిగతాదంతా తేలిక. తల్లి రక్తంలో ఉన్న మందు కొంత పాలలోకి జారుతుంది, రక్తంలో తగ్గుతున్నకొద్దీ పాలలో ఉన్నది కూడా వెనక్కి రక్తంలోకి వెళ్తుంది. రొమ్ము రెండు వైపులా తలుపులున్న గది లాంటిది, లోపలికి వచ్చింది అక్కడే చిక్కుకుపోదు. కాబట్టి పాలు పిండి పారబోస్తే మందు త్వరగా ఒంట్లోంచి పోతుందనుకోవడం పొరపాటు, దానికి పట్టే టైం దానికి పడుతుంది. పిండడం వల్ల వచ్చే లాభాలు రెండే: రొమ్ము గట్టిపడదు, పాలు తగ్గవు.

రెండో విషయం, పాలలోకి వచ్చినంత మాత్రాన బిడ్డ ఒంట్లోకి పోయినట్టు కాదు. కొన్ని మందులు బిడ్డ కడుపులోకి పోయినా పేగు వాటిని పీల్చుకోదు. తల్లి బరువు లెక్కన ఆమె తీసుకున్న డోసుతో, బిడ్డ బరువు లెక్కన పాల ద్వారా బిడ్డకు చేరే డోసును పోల్చి చూస్తారు. అది 10 శాతం లోపు ఉంటే చాలావరకు మందులకు ఫర్వాలేదని నిపుణుల లెక్క. మామూలుగా వాడే మందుల్లో ఎక్కువ భాగం ఆ గీతకు కిందే ఉంటాయి. ఇక బిడ్డ పుట్టిన మొదటి 24 గంటల్లో ఒక్కోసారికి తాగేది 2 నుంచి 10 మిల్లీలీటర్ల ముర్రుపాలే, అన్ని కొద్ది చుక్కల్లో పోయే మందు ఎంతని! అయితే నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, ఊపిరి మధ్యమధ్యలో ఆగే బిడ్డ, కిడ్నీలో లివరులో తేడా ఉన్న బిడ్డ సంగతి వేరు. అలాంటి బిడ్డ విషయంలో ఇక్కడ రాసినవాటిని యథాతథంగా తీసుకోవద్దు, పిల్లల డాక్టరుతో మాట్లాడాకే ఏదైనా.

స్కాన్లలో ఏది ఏంటి

ఎక్స్‌రే, పంటి ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే), కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు) లేని సీటీ, కాంట్రాస్ట్ లేని ఎంఆర్ఐ: వీటికి పాలు ఆపక్కర్లేదు, ఒక్క పూట కూడా. ఎక్స్‌రే కిరణాలు పాలలో నిలవ ఉండవు, మెషిన్ ఆగిందంటే అంతే. మామోగ్రామ్ అయితే ముందు బిడ్డకు పట్టి వెళ్లండి, రొమ్ము మెత్తబడి నొప్పి తక్కువగా ఉంటుంది, బొమ్మ కూడా బాగా వస్తుంది.

గొడవంతా కాంట్రాస్ట్ ఇంజెక్షన్ దగ్గరే వస్తుంది. సీటీకి ఇచ్చేది అయోడిన్ ఉన్న మందు, ఎంఆర్ఐకి ఇచ్చేది గాడోలినియం. అయోడిన్ కాంట్రాస్ట్‌లో మొదటి 24 గంటల్లో పాలలోకి వచ్చేది 1 శాతం కన్నా తక్కువ, అందులో బిడ్డ పేగు పీల్చుకునేది మళ్లీ 1 శాతం కన్నా తక్కువ, అంటే మీకు ఎక్కించిన డోసులో పదివేలలో ఒక వంతు కూడా బిడ్డ రక్తంలోకి చేరదు. గాడోలినియం ఇంకా తక్కువ, పాలలోకి వచ్చేదే 0.04 శాతం లోపు, అందులో పీల్చుకునేది 1 శాతం లోపు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ ఈ లెక్కలు చూపించే, రెండింటి తర్వాతా పాలివ్వడం కొనసాగించొచ్చని చెబుతోంది. తల్లికి మనసు ఒప్పకపోతే 12 నుంచి 24 గంటలు ఆపుకోవచ్చని కూడా అదే సంస్థ అంటుంది, 24 గంటలు దాటి ఆపితే మాత్రం ఏ లాభమూ లేదంటుంది. నన్నడిగితే, నెలలు నిండి పుట్టి ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఆ 24 గంటలూ కూడా ఆపొద్దు. పాల రుచి కాస్త మారొచ్చంటారు, బిడ్డ ఒకసారి మొహం తిప్పుకుంటే కంగారు పడకండి.

న్యూక్లియర్ స్కాన్లు పూర్తిగా వేరే లెక్క. ఇక్కడ ఒంట్లోకి ఎక్కించేదే రేడియోధార్మిక పదార్థం, అది పాలలోకి వస్తుంది, కొన్నిసార్లు రొమ్ములోనే పోగవుతుంది. కాబట్టి "న్యూక్లియర్ స్కాన్" అంటే ఆగి, ఏ ఐసోటోప్ (ఏ రకం రేడియోధార్మిక పదార్థం) అని పేరు అడగాలి. ఎక్కువగా వాడేది టెక్నీషియం-99ఎం, దాని అర్ధాయువు 6 గంటలు. అంటే ఆరు గంటలకోసారి సగమవుతూ పోతుంది. దాంతో చేసే స్కాన్‌ను బట్టి కొన్నింటికి అసలు ఆపక్కర్లేదని, కొన్నింటికి 4 గంటలని, కొన్నింటికి 12 గంటలని మార్గదర్శకాలున్నాయి, ఏదైనా సరే 24 గంటలు ఆపమనే జాగ్రత్తపరులూ ఉన్నారు. పెట్ స్కాన్‌కు వాడే ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలే, పాలలోకి వచ్చేదీ చాలా తక్కువ. అక్కడ చూసుకోవాల్సింది పాలు కాదు, తల్లి ఒంట్లోంచి వచ్చే కిరణాలు. ఆ కొన్ని గంటలు బిడ్డను ఒంటికి హత్తుకుని ఉండకుండా పిండిన పాలు ఇంకొకరి చేత పట్టించాలి. ఎన్ని గంటలో ఆ విభాగంవాళ్లు డోసును బట్టి కాగితం మీద రాసివ్వాలి, నోటి మాటగా కాదు.

ఈ పోలిక నిజంగా పనికొచ్చే చోటు ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అనుమానం. కాన్పు తర్వాత వారాల్లో ఈ ప్రమాదం మామూలు కన్నా ఎక్కువ, ఆయాసమూ ఛాతీ నొప్పీ వస్తే పాల సంగతి తర్వాత, పరీక్ష వెంటనే జరగాలి. దానికి రెండు దారులున్నాయి. సీటీ ఆంజియో (రక్తనాళాలను చూపే సీటీ) అయితే కాంట్రాస్ట్ ఇస్తారు, పాలు ఆపక్కర్లేదు, కానీ పాలున్న రొమ్ముకు రేడియేషన్ కాస్త ఎక్కువ తగులుతుంది. న్యూక్లియర్ లంగ్ స్కాన్ అయితే రొమ్ముకు తగిలేది తక్కువ, కానీ పాలు కొన్ని గంటలు ఆపాలి (12 అనేవాళ్లున్నారు, 24 అనేవాళ్లున్నారు). రెండూ అందుబాటులో ఉండి, డాక్టరు ఏదైనా ఫర్వాలేదంటే, పుట్టి మూణ్నాలుగు రోజులే అయి పాలు ఇంకా కుదురుకోని తల్లికి నేను సీటీ వైపు మొగ్గుతాను. పాలు బాగా పడుతున్నాయి, నిల్వ కూడా ఉంది అంటే న్యూక్లియర్ స్కాన్ కూడా మంచి ఎంపికే. ఒకటే అందుబాటులో ఉంటే ఎంచుకునేదేముంది, అదే చేయించుకోవాలి.

అసలు రాజీ పడకూడని చోటు: అయోడిన్-131

దీని గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మిగతావాటికి "ఫర్వాలేదు, పట్టండి" అని చెప్పి చెప్పి దీనికీ అదే అనుకుంటారేమోనని నా భయం. థైరాయిడ్‌కు ఇచ్చే రేడియోయాక్టివ్ అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులు. అది పాలలోకి బాగా వస్తుంది, బిడ్డ థైరాయిడ్‌లో చేరి దాన్ని జీవితాంతం దెబ్బతీయగలదు. ఇది తీసుకుంటే ఈ బిడ్డకు పాలు పూర్తిగా మానాల్సిందే. ఒక రోజు ఆపి, పిండి పారబోసి, మళ్లీ మొదలుపెడదామనే ఆలోచన ఇక్కడ పనికిరాదు. తర్వాత పుట్టే బిడ్డకు మామూలుగా ఇవ్వొచ్చు. ఇంకో విషయం చాలామందికి తెలియదు: పాలు పడుతున్న రొమ్ము అయోడిన్‌ను తెగ లాక్కుంటుంది, అందువల్ల తల్లి రొమ్ముకు కూడా మంచిది కాదు, కాబట్టి చికిత్సకు కనీసం 6 వారాల ముందే పాలు ఆపేయమంటారు.

అయితే ఆ దాకా వెళ్లే ముందు ఒక్క క్షణం ఆగండి, ఎందుకంటే కాన్పు తర్వాత థైరాయిడ్ హడావుడిగా పనిచేయడానికి చాలాసార్లు కారణం ప్రసవానంతర థైరాయిడైటిస్, అది కొన్ని నెలల్లో దాని దారిన అది తగ్గుతుంది. అది గ్రేవ్స్ జబ్బా (ఒంటి రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ను అతిగా పనిచేయించే జబ్బు) కాదా అని తేల్చడానికి టీఆర్‌ఏబీ అనే రక్తపరీక్ష ఉంది, స్కాన్ తప్పనిసరైతే టెక్నీషియంతో చేయొచ్చు, దానికి పాలు కొన్ని గంటలాపితే సరిపోతుంది. గ్రేవ్స్ అని తేలినా తక్కువ డోసు మాత్రలతో, పాలిస్తూనే, నెట్టుకురావొచ్చు. థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఇచ్చే అయోడిన్ కూడా చాలామందికి కొన్ని నెలలు వాయిదా వేయగలిగే రకమే. కాబట్టి "వాయిదా వేస్తే నాకు వైద్యపరంగా నష్టమా?" అని అడగండి. నష్టమంటే పాలు మానేసి చికిత్స తీసుకోండి. అమ్మ బాగుండటం బిడ్డకు అన్నిటికన్నా ముందు అవసరం, ఆ నిర్ణయం తీసుకున్న తల్లి తప్పు చేసినట్టు ఎవరూ మాట్లాడకూడదు.

మత్తు, ఆపరేషన్, నొప్పి మందులు

మత్తు గురించిన భయం పాతకాలం నుంచి వస్తోంది. ఇప్పటి మత్తుమందులు ఒంట్లోంచి త్వరగా పోయేవి. ప్రొపోఫాల్, సెవోఫ్లూరేన్, ఫెంటానిల్, ఎండోస్కోపీకి ఒక్క డోసు ఇచ్చే మిడజోలం, ఇవి వాడినా తల్లికి బాగా మెలకువ వచ్చి, స్పృహతో బిడ్డను పట్టుకోగలిగితే పాలివ్వొచ్చని అమెరికన్ సొసైటీ ఆఫ్ అనస్థీషియాలజిస్ట్స్ చెబుతోంది. బ్రిటన్‌లోని అసోసియేషన్ ఆఫ్ అనస్థెటిస్ట్స్ 2020 మార్గదర్శకాలదీ అదే మాట, పిండి పారబోయక్కర్లేదనే వాళ్లూ అంటున్నారు. లోకల్ మత్తు అయితే, పన్ను పీకడానికి ఇచ్చే లిగ్నోకేన్ లాంటిది, కుర్చీలోంచి లేచి వెళ్లి పట్టేయొచ్చు. వెన్నుకిచ్చే మత్తు కూడా అంతే, సిజేరియన్ అయిన తల్లులు ఆపరేషన్ టేబుల్ మీద నుంచే పాలివ్వడం మొదలుపెట్టొచ్చు.

మరి పూర్తి మత్తా, వెన్ను మత్తా, లోకలా అని ఎంచుకునే వీలుంటే? పాల దృష్టితో మాత్రమే చూస్తే లోకల్ లేదా వెన్ను మత్తు మేలు. పూర్తి మత్తు మందు పాలను చెడగొడుతుందని కాదు. తల్లి తొందరగా తేరుకుంటుంది, బలమైన నొప్పి మందులు తక్కువ పడతాయి, బిడ్డకు దూరంగా ఉండే టైం తగ్గుతుంది. కానీ మత్తు డాక్టరు పూర్తి మత్తే క్షేమమని చెప్తే దాంతో వాదించకండి, దాని తర్వాత కూడా పాలివ్వొచ్చు కాబట్టి పెద్ద తేడా లేదు.

నిజంగా కన్నేసి ఉంచాల్సింది ఇంటికి రాసిచ్చే నొప్పి మాత్రల మీద. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ బాలింతకు మొదటి ఎంపిక, రెండూ కలిపి టైం ప్రకారం వాడితే చాలా ఆపరేషన్ల నొప్పి అదుపులో ఉంటుంది. కోడీన్, ట్రమడాల్ వద్దు. కొంతమంది ఒళ్లు పుట్టుకతోనే వీటిని చాలా వేగంగా బలమైన మందుగా మార్చేస్తుంది, అది పాల ద్వారా బిడ్డకు చేరి ఊపిరి మందగించే ప్రమాదముంది, ప్రాణాల మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో పాలిచ్చే తల్లులకు ఈ రెండూ వద్దని గట్టిగా హెచ్చరించింది. పెథిడిన్ కూడా మళ్లీమళ్లీ ఇస్తే దాని అవశేషం బిడ్డలో పేరుకుంటుంది, దానికి బదులు వేరేది అడగొచ్చు. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ కన్నా బలమైనది తప్పనిసరైతే తక్కువ డోసు, తక్కువ రోజులు. ఆ రోజుల్లో బిడ్డను గమనిస్తూ ఉండాలి: మామూలు కన్నా మత్తుగా పడుకుని లేపినా లేవకపోవడం, పాలు చప్పరించలేకపోవడం, ఒళ్లు వాలిపోవడం, ఊపిరి తేడాగా ఉండటం, వీటిలో ఏదున్నా ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తల్లి మగతగా ఉన్నంతసేపు బిడ్డను పక్కలో వేసుకుని నిద్రపోకూడదు, పాలు తాగాక బిడ్డను వేరే పడకలోకి మార్చే మనిషి ఒకరు పక్కన ఉండాలి. ఇదంతా చదివి నొప్పి ఓర్చుకుందామని మాత్రం అనుకోకండి, నొప్పితో బిగుసుకుపోయిన తల్లికి పాలు సరిగా దిగవు.

రొమ్ములో చీముగడ్డ గురించి ఒక మాట, ఎందుకంటే అక్కడ పాలు ఆపమనే సలహా సరిగ్గా తలకిందులుగా పనిచేస్తుంది. పాలు నిలిచిపోతే గడ్డ ఇంకా ముదురుతుంది. వీలైన చోట స్కాన్‌లో చూస్తూ సూదితో చీము లాగడం మంచిది, లోకల్ మత్తు సరిపోతుంది, ఒకటికి రెండుసార్లు లాగాల్సి రావొచ్చు గానీ గాయం ఉండదు. కోసి తీయడం పెద్ద గడ్డలకు, సూదికి లొంగనివాటికి. ఏది చేసినా రెండు రొమ్ముల నుంచీ పాలివ్వడం కొనసాగించొచ్చు, కోత చనుమొనకు మరీ దగ్గరగా ఉండి బిడ్డ నోరు దాని మీద పడుతుంటే ఆ వైపు పిండుకోవాలి. అలాగే పెద్ద గాయానికి రోజూ పోవిడోన్ అయోడిన్‌తో కట్టు కడుతుంటే, ఆ అయోడిన్ చర్మం గుండా రక్తంలోకి, పాలలోకి చేరి పసిబిడ్డ థైరాయిడ్ మీద ప్రభావం చూపగలదు. ఒకసారి పూస్తే ఏం కాదు, రోజుల తరబడి అయితే వేరే మందు అడగండి.

ఉన్న దారులు పక్కపక్కన పెడితే

ముందు పట్టి వెళ్లి, వచ్చాక పట్టడం. చాలామందికి ఇదే సరిపోతుంది. ఆపరేషన్‌కు తీసుకెళ్లే ముందు రెండు వైపులా పట్టడం లేదా పిండడం, లేచాక మొదటి వీలుకే మళ్లీ పట్టడం. ఖర్చు లేదు, పాలు తగ్గవు. దీనికి కావాల్సింది ఏర్పాటు: ఆ రోజు జాబితాలో మొదటి కేసుగా పెట్టమని అడగడం, బిడ్డను తెచ్చి ఇచ్చే మనిషి ఆసుపత్రిలోనే ఉండటం. ఉపవాసం పేరుతో తల్లి రాత్రంతా నీళ్లు కూడా తాగకుండా ఉండక్కర్లేదు, మామూలుగా ఆపరేషన్‌కు 2 గంటల ముందు వరకు నీళ్లు తాగనిస్తారు, అడగండి.

ముందే పిండి నిల్వ పెట్టడం. తేదీ ముందే తెలిస్తే, ఆపడం తప్పనిసరైతే, ఇదే అన్నిటికన్నా మంచిది. పసిబిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతుంది, వారం దాటాక ఒక్కోసారికి సుమారు 45 నుంచి 90 మిల్లీలీటర్లు, ఆ లెక్కన ఎన్ని గంటలో చూసుకుని దాచాలి. గది వేడి 25 డిగ్రీల లోపుంటే అప్పుడే పిండిన పాలు 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, ఫ్రీజర్‌లో 6 నెలలు బాగుంటాయి. మొదటి మూణ్నాలుగు రోజుల్లో మాత్రం నిల్వకు సరిపడా పాలు రావు, అప్పుడు ముర్రుపాలు చేత్తో పిండి చిన్న కప్పుతోనో స్పూనుతోనో పట్టడమే, పంపుకు అవి అందవు.

పిండి పారబోయడం. దీన్ని జాబితాలో చివర పెట్టండి. నిజంగా ప్రమాదకరమైన మందు, అది ఎన్ని గంటల్లో పోతుందో తెలిసిన మందు అయితేనే. అప్పుడు రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా, పిండాలి, లేకపోతే పాలు తగ్గిపోతాయి. మంచి కారణం లేకుండా ఒక తల్లి చేత అన్ని పాలు పారబోయించడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

పిండి దాచి, తర్వాత నిర్ణయించుకోవడం. ఇది ఎవరూ చెప్పరు గానీ నాకు బాగా నచ్చిన దారి. ఆపమన్నారు, మీకు అనుమానంగా ఉంది, అడుగుదామంటే ఆ టైంకు తెలిసినవాళ్లు లేరు. పారబోయకండి. తేదీ, టైం, తీసుకున్న మందు పేరు రాసి ఫ్రిజ్‌లో విడిగా పెట్టండి, తేలాక పట్టొచ్చో లేదో చూడొచ్చు. టెక్నీషియం స్కాన్ అయినప్పుడు కూడా ఇది పనిచేస్తుంది: పది అర్ధాయువులు గడిస్తే, అంటే 60 గంటలకు, అందులో రేడియోధార్మికత వెయ్యో వంతుకు పడిపోతుంది, ఫ్రిజ్‌లో పాలు 4 రోజులుంటాయి కాబట్టి ఆ పాలు వృథా కావు. అయోడిన్-131కు ఇది వర్తించదు, ఎన్ని రోజులు దాచినా ఆ పాలు బిడ్డకు పట్టొద్దు.

దాత పాలు. మిల్క్ బ్యాంకు నుంచి వచ్చేవి పరీక్షించి, 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేసినవి. నెలలు నిండని బిడ్డకు, తల్లి పాలు దొరకని ఆ కొన్ని గంటలకు, డబ్బా పాల కన్నా ఇవి మేలు. తెలిసినావిడే కదా అని పరీక్షల్లేకుండా ఇంకొకరి పాలు పట్టడం వేరు, ఇన్ఫెక్షన్లు, మందులు పాల ద్వారా రావొచ్చు కాబట్టి నేను అటు వెళ్లొద్దంటాను.

డబ్బా పాలు. ఇవి విషం కాదు. నిల్వ లేదు, మిల్క్ బ్యాంకు లేదు, బిడ్డ ఆకలితో ఏడుస్తోంది అంటే ఆలోచించాల్సిందేమీ లేదు, పట్టండి. పసిబిడ్డ ఆకలితో ఉంటే చక్కెర పడిపోతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, అది పాలలో వచ్చే ఏ మందు చుక్క కన్నా పెద్ద ప్రమాదం. పొడి పాలు శుభ్రమైన క్రిమిరహిత పదార్థం కాదు కాబట్టి కాచి, 70 డిగ్రీలకు తగ్గకుండా వేడిగా ఉన్న నీళ్లలో కలిపి, త్వరగా చల్లార్చి పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అవి పట్టినంతసేపు తల్లి పిండుతూనే ఉండాలి, పిండడం మానితే మాత్రం ఒక రోజు డబ్బా పాలు అలవాటుగా మారిపోతాయి.

వాయిదా వేయడం. తొందర లేని ఆపరేషన్‌కు, పాలు కుదురుకునే దాకా ఒక నెల రెండు నెలలు ఆగడం మంచి ఎంపిక. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, రక్తం గడ్డ, తీవ్రమైన కడుపు నొప్పి ఉన్నప్పుడు పాల కోసం ఆగడం పెద్ద పొరపాటు. ఈ రెండిటికీ మధ్యలో ఉన్నవాటికే డాక్టరుతో కూర్చుని మాట్లాడాలి.

ఇక బిడ్డకే ఏదైనా చిన్న ఆపరేషన్ ఉంటే అక్కడి లెక్క వేరు, తల్లి పాలు కడుపులోంచి త్వరగా దిగిపోతాయి కాబట్టి మత్తుకు 4 గంటల ముందు వరకు పట్టొచ్చని చాలా చోట్ల నియమం, డబ్బా పాలకు 6 గంటలంటారు. ఆసుపత్రి చెప్పిన గంటలే పాటించాలి, కానీ "రాత్రి నుంచి ఏమీ పట్టకండి" అని తేలిగ్గా అనేస్తే తల్లిపాలకు ఎన్ని గంటలో విడిగా అడగండి.

అడగాల్సిన తీరు

"పాలివ్వొచ్చా?" అని అడిగితే "వద్దులెండి" అని వస్తుంది, ఎందుకంటే వద్దనడం చెప్పేవాళ్లకు తేలిక. అందుకే ఇలా అడగండి: "ఏ మందు ఇస్తున్నారు, పేరు రాసివ్వండి. నా బిడ్డ వయసు ఇన్ని రోజులు, బరువు ఇంత, నెలలు నిండే పుట్టింది. దీనికి పాలు ఆపాలా, ఆపితే ఎన్ని గంటలు? పాలు ఆపక్కర్లేని ఇంకో మందు గానీ పరీక్ష గానీ ఉందా?" మందు అట్టపెట్టె కాగితంలో దాదాపు అన్నిటికీ పాలిచ్చే తల్లులు జాగ్రత్త అనే ఉంటుంది, కంపెనీలు తమను తాము కాపాడుకోవడానికి రాసుకునేది అది, దాన్ని బట్టి నిర్ణయించకండి. లాక్ట్‌మెడ్ అని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలవాళ్ల ఉచిత వెబ్‌సైట్ ఉంది, మందు పేరు కొడితే పాలలోకి ఎంత వస్తుంది, బిడ్డలో ఏం చూశారు, బదులు ఏది వాడొచ్చు అన్నీ ఉంటాయి. అది డాక్టరుకే చూపించండి, గొడవ పెట్టుకోవడానికి కాదు, కలిసి చదవడానికి. చాలామంది డాక్టర్లు చూసి సరేనంటారు. మత్తు డాక్టరుతో ఆపరేషన్‌కు ముందే, టేబుల్ మీదికి వెళ్లేటప్పుడు కాకుండా, మీరు పాలిస్తున్నారని చెప్పాలి, దాన్ని కేసు షీట్‌లో రాయించాలి. ఇంట్లోవాళ్లకు కూడా ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే మీరు మగతలో ఉన్నప్పుడు పక్కనున్నవాళ్లే నిర్ణయాలు తీసుకుంటారు.

ఎంత జాగ్రత్తపడ్డా ఒకటి రెండు రోజులు విరామం వచ్చి, తిరిగి పట్టబోతే బిడ్డ రొమ్ము పట్టకపోతే, బలవంతం చేయకండి. బట్టలు తీసి ఒంటికి ఒళ్లు తగిలేలా ఛాతీ మీద పడుకోబెట్టుకుని, బిడ్డ ఇంకా ఆకలితో కేకలు పెట్టక ముందే, నిద్రమత్తులో ఉన్నప్పుడు అందించండి, ముందు కొంచెం పిండి చుక్క పెదాల మీద పడేలా చూడండి. ఆపరేషన్ కుట్లు పొట్ట మీద ఉంటే పక్కకు తిరిగి పడుకునో, బిడ్డను చంక కింద నుంచి పట్టుకునో ఇస్తే కుట్ల మీద బరువు పడదు. పట్టే దాకా పిండిన పాలు కప్పుతో ఇస్తూ, రెండు మూడు గంటలకోసారి పిండుతూ ఉంటే చాలామందికి కొద్ది రోజుల్లోనే మళ్లీ పాలు పుంజుకుంటాయి. బిడ్డ రోజుకు ఆరు తడి గుడ్డల కన్నా తక్కువ తడుపుతున్నా, బరువు పెరగకపోయినా, మీకు చలి జ్వరంతో రొమ్ము ఎర్రబడినా ఆగకుండా డాక్టరుకు చూపించండి.